13 రోజుల రీడింగులు, వైజాగ్ నుంచి 20 నిమిషాల ఫోన్: ఆర్‌పీఎం బిల్లింగ్‌లో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు

ఆర్‌పీఎం (రిమోట్ పేషెంట్ మానిటరింగ్), అంటే ఇంట్లో ఉన్న పేషెంట్ రీడింగులని దూరం నుంచి గమనించే సేవ, దాని బిల్లింగ్ మీద మీరు అడిగినవి నాలుగు. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ సంగతి ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు బీఎస్సీ నర్సింగ్ చేసి, రెండేళ్లు ఇక్కడే ఒక ఆస్పత్రి వార్డులో పనిచేసి, మూడు నెలల కిందట రుషికొండలో ఒక బిల్లింగ్ ఆఫీసులో చేరారు. క్లయింట్ అమెరికాలో ఒక గుండె జబ్బుల క్లినిక్. వాళ్ల పేషెంట్లకి ఇంట్లో వాడుకోవడానికి బీపీ మెషీను, బరువు చూసుకునే స్కేలు ఇచ్చారు. ఒక పేషెంట్‌కి 30 రోజుల్లో 13 రోజులే రీడింగులు వస్తే, పర్వాలేదు 99454 (మెషీన్ డేటాకి వేసే బిల్లింగ్ కోడ్) వేసేయండి అని మీ లీడ్ అన్నారు. మెషీన్లు రెండు కదా, 99454 కూడా రెండుసార్లు వేయొచ్చా అని మీ టీమ్‌లో చర్చ. పేషెంట్లతో నెలకి 20 నిమిషాలు మాట్లాడే పని వచ్చే నెల నుంచి ఇక్కడి నర్సులతోనే చేయిస్తామంటున్నారు, ఆ జాబితాలో మీ పేరు ఉంది. 2026 కొత్త కోడ్లతో ఇవన్నీ సర్దుకుంటాయని మీ లీడ్ మాట.

సూటిగా జవాబులు ఇవి. 13 రోజులకి 99454 వేయకూడదు. మెషీన్లు ఎన్ని ఉన్నా 30 రోజులకి ఒక్కసారే. మెడికేర్ (అమెరికా ప్రభుత్వం ముఖ్యంగా 65 ఏళ్లు నిండినవాళ్లకి ఇచ్చే ఆరోగ్య బీమా) పేషెంట్ల విషయంలో వైజాగ్‌లో కూర్చున్న నర్సు మాట్లాడిన నిమిషాలు ఆ 20లోకి రావు. కొత్త కోడ్లు మొదటి ఇబ్బందికి దారి చూపించాయి గానీ మూడోదానికి చూపించలేదు.

నేను ఈ లైన్‌లోకి 2008లో వచ్చాను. ముందు ట్రాన్స్‌క్రిప్షన్, తర్వాత పేమెంట్ పోస్టింగ్, ఏఆర్ కాలింగ్ (రావలసిన బిల్లు డబ్బు కోసం ఫోన్లు చేసే పని), ఆ తర్వాత సీపీసీ (మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్) పరీక్ష రాసి కోడింగ్. ఆర్‌పీఎం క్లెయిములు 2019లో మొదలైనప్పటి నుంచీ చూస్తున్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆర్‌పీఎం అంటే పేషెంట్ ఇంట్లో ఉండగానే బీపీ, బరువు, షుగర్, ఆక్సిజన్ లాంటివి మెషీన్ నుంచి డాక్టర్ ఆఫీసుకి చేరడం, అక్కడివాళ్లు వాటిని చూసి పేషెంట్‌తో మాట్లాడి మందుల్లోనో తిండిలోనో మార్పు చెప్పడం. కోడ్లు కూడా ఈ వరసలోనే ఉంటాయి. మెషీన్ అమర్చి, ఎలా వాడాలో నేర్పినందుకు 99453, ఒక్క విడతకి ఒక్కసారే. మెషీన్ ఇచ్చి డేటా తెప్పించుకున్నందుకు 99454, 30 రోజులకి ఒకసారి. ఆ డేటా పట్టుకుని మనుషులు చేసిన పనికి 99457, నెలలో మొదటి 20 నిమిషాలకి. ఆపైన ప్రతి 20 నిమిషాలకి 99458. మొదటి మూడూ 2019లో, 99458 మాత్రం 2020లో వచ్చాయి. డాక్టర్ పక్కనే ఉండక్కర్లేకుండా ఆయన జనరల్ సూపర్‌విజన్‌లో స్టాఫ్ ఈ పని చేయొచ్చని ఒప్పుకున్నది కూడా 2020 నుంచే. మీ ఆఫీసులో వినిపిస్తున్న "ఎవరైనా చేయొచ్చు" అన్న మాట అక్కడి నుంచి పుట్టిందే. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందు రోజుల లెక్క. 99454కి 30 రోజుల్లో కనీసం 16 రోజుల డేటా ఉండాలి. ఇక్కడ రోజు అంటే రీడింగ్ వచ్చిన రోజు. రీడింగుల సంఖ్య కాదు. కొత్తగా చేరినవాళ్లు ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నిరుడు నా దగ్గర పనిచేసే ఒక అబ్బాయి 22 అని రాసి క్లెయిమ్ రెడీ చేశాడు. డివైస్ లాగ్ తెరిచి ఇద్దరం పక్కపక్కన కూర్చుని చూశాం. 9వ తేదీ ఉదయం 6:42కి ఒకటి, 6:44కి ఒకటి, 6:47కి ఒకటి. మొదటిసారి బీపీ ఎక్కువ వచ్చిందని ఆవిడ కంగారుపడి మళ్లీ మళ్లీ చూసుకున్నట్టుంది. అలాంటివి నాలుగు చోట్ల ఉన్నాయి. శనివారం, ఆదివారం అస్సలు లేవు, బహుశా కూతురింటికి వెళ్లేదేమో, మెషీన్ ఇంట్లో ఉండిపోయేది. తేదీలు విడిగా లెక్కపెడితే వచ్చింది 14. సాఫ్ట్‌వేర్ డ్యాష్‌బోర్డ్ మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె చాలాసార్లు రీడింగులది, రోజులది కాదు. మీరు రోజూ లాగ్ తెరిచి తేదీల కాలమ్ చూడండి. ఆ ఒక్క అలవాటు మిమ్మల్ని చాలా వాటి నుంచి కాపాడుతుంది.

రెండు మెషీన్ల ప్రశ్న కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒకే రోజు బీపీ, బరువు రెండూ వచ్చినా అది ఒక్క రోజే. 30 రోజుల్లో 99454 ఒక్కసారే, అది కూడా ఒక్క ప్రాక్టీసుకే (క్లినిక్‌కే). మీ కార్డియాలజీ క్లినిక్ వేసిన అదే 30 రోజులకి ఆ పేషెంట్ ఫ్యామిలీ డాక్టర్ కూడా వేస్తే ఇద్దరిలో ఒకరికి డినయల్ (క్లెయిమ్ తిరస్కరణ) వస్తుంది. కొత్త పేషెంట్‌ని చేర్చుకునేటప్పుడే "ఇంకెవరైనా మీకు ఇలాంటి మెషీన్ ఇచ్చారా" అని అక్కడి స్టాఫ్ చేత అడిగించండి.

డేటా తనంతట తానే రావాలన్నది ఇంకో నిబంధన. పేషెంట్ చూసుకుని కాగితం మీద రాసి ఫోన్‌లో చదివితే చెల్లదు. మెషీన్ కూడా అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ చట్టంలోని మెడికల్ డివైస్ నిర్వచనానికి సరిపోవాలి. ఈ నిబంధన ఎందుకు పెట్టారో నాకు మా నాన్నని చూస్తే అర్థమైంది. మర్రిపాలెంలో ఇంట్లో బీపీ మెషీను ఉంది, పక్కనే చిన్న డైరీ. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు తిరగేస్తే వరసగా పదకొండు రోజులు 130/80. నేను పక్కన కూర్చుని చూపిస్తే వచ్చింది 152/88. ఆయన అబద్ధం రాయలేదు. ఎక్కువ వస్తే కాసేపు కూర్చుని మళ్లీ చూసుకునేవారు, తగ్గినదే రాసేవారు, దాన్ని కూడా సరిచేసి గుండ్రంగా రాసేవారు, మాకు టెన్షన్ ఎందుకని. ఆ డైరీ చూసి ఏ డాక్టరూ మందు మార్చడు. మెషీన్ తనే పంపితే మొదటి 152 కూడా చేరేది.

ఇప్పుడు మీ 13 రోజుల పేషెంట్. ఆ 30 రోజులు 2025లోనే మొదలై 2025లోనే ముగిసి ఉంటే 99454 లేదు, దానికి బదులు వేసే కోడ్ కూడా లేదు. మెషీన్ ఖర్చు క్లినిక్ భరించాల్సిందే. 2026 జనవరి 1 నుంచి 99445 వచ్చింది, 2 నుంచి 15 రోజుల డేటాకి. 99454 ఇప్పుడు 16 నుంచి 30 రోజులకి. ఒకే 30 రోజులకి రెండూ కలిపి వేయకూడదు. కాబట్టి మీ పేషెంట్ 30 రోజులు 2026వే అయితే 99445 వేయండి. మెడికేర్‌ని నడిపే ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ 2026కి రెండు కోడ్లకీ ఒకే విలువ కట్టింది. అయినా 13 రోజులకి 99454 వేస్తే అది తప్పుడు క్లెయిమే, ఎందుకంటే ఆ కోడ్ వేయడమంటే 16 రోజులు డేటా వచ్చిందని డాక్టర్ సంతకం చేసి చెప్పినట్టు. డబ్బు సమానంగా ఉన్నప్పుడు తప్పు కోడ్ వేయడానికి అసలు కారణమే లేదు. మీ లీడ్‌కి ఈ మాట చెప్పడం తేలిక.

అలాగని 2 రోజులు చాలు కదా అని అందరికీ 99445 వేసుకుంటూ పోవడం కూడా నాకు భయంగానే ఉంది. బీపీ పేషెంట్‌కి నెల తర్వాత నెల రెండేసి రోజులే రీడింగులు వస్తుంటే, దానివల్ల డాక్టర్‌కి ఏం తెలిసింది, ఈ పేషెంట్‌కి ఇది ఎందుకు అవసరం అని ఎవరైనా అడుగుతారు. చార్టులో జవాబు ఉండాలి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయ్యాక పది రోజులు గమనించడం, కొత్త మందు మొదలుపెట్టాక వారం చూడటం లాంటి వాటికి ఈ కోడ్ నిజంగా ఉపయోగం. వాటి కోసమే చాలామంది ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చారు.

పాత ట్రైనింగ్ స్లైడ్లలో 2 రోజులు చాలు అని వేరే మాట కూడా కనిపిస్తుంది. అది కరోనా ఎమర్జెన్సీలో కోవిడ్ ఉన్నవాళ్లకి, ఉందని అనుమానమున్నవాళ్లకి ఇచ్చిన వెసులుబాటు. 2023 మే 11న ఎమర్జెన్సీతోపాటే పోయింది. ఆ స్లైడ్ మీ ఫోల్డర్‌లో ఉంటే తీసేయమనండి.

30 రోజులు, నెల ఒకటి కావు. 99454 నడిచేది 30 రోజుల లెక్కన, 99457 నడిచేది క్యాలెండర్ నెల లెక్కన. మార్చి 8న మెషీన్ మొదలైతే మొదటి 30 రోజులు ఏప్రిల్ 6తో ముగుస్తాయి, క్లెయిమ్ ఆ తర్వాతే. నిమిషాలు మాత్రం మార్చి 31 అర్ధరాత్రితో ఆగిపోతాయి, ఏప్రిల్ 1న మళ్లీ సున్నా. మార్చిలో 17 నిమిషాలే అయ్యాయని ఏప్రిల్‌వి 3 తెచ్చి కలపడం కుదరదు.

నిమిషాల లెక్క ఎలాగంటే, 20 నుంచి 39 వరకు ఎన్నైనా ఒక్క 99457. 40 నిండితే 99457తో పాటు ఒక 99458. 38కి 99458 లేదు, సగం దాటింది కదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. 2026 నుంచి 10-19 నిమిషాలకి 99470 ఉంది. 20 నిండితే దాని బదులు 99457, రెండూ కలిపి కాదు. ఈ నిమిషాల్లో డేటా చూసిన సమయం, డాక్టర్‌తో మాట్లాడి మందు మార్పు తెలుసుకున్న సమయం, పేషెంట్‌తో మాట్లాడిన సమయం అన్నీ వస్తాయి. అంటే 20 నిమిషాలూ ఫోన్‌లోనే ఉండక్కర్లేదు. కానీ ఆ నెలలో కనీసం ఒక్కసారైనా పేషెంట్‌తో గానీ, వాళ్లని చూసుకునేవాళ్లతో గానీ అప్పటికప్పుడు రెండు వైపులా మాట్లాడి ఉండాలి. వాయిస్‌మెయిల్ పెట్టడం, మెసేజ్ పంపడం మాట్లాడినట్టు కాదు. లాగ్‌లో "ఎల్‌వీఎం" అని మూడుసార్లు రాసి, 99457 వేసిన క్లెయిములు నేను చాలా ఆపాను. లెఫ్ట్ వాయిస్‌మెయిల్ అంటే ఎవరూ ఎత్తలేదనే కదా.

ఇక్కడ మీ క్లయింట్‌కి మేలు చేసే మాట ఒకటి. 16 రోజుల నిబంధన 99457, 99458లకి లేదు. 2024 నిబంధనల్లో సీఎంఎస్ దీన్ని విడిగా స్పష్టం చేసింది. 9 రోజులే డేటా వచ్చింది, కానీ బరువు పెరగడం చూసి అక్కడి నర్సు మాట్లాడి, డాక్టర్‌ని అడిగి, నీరు తగ్గే మాత్ర పెంచింది, మొత్తం 24 నిమిషాలు. 99457 వేయొచ్చు. రోజులు చాలలేదని మొత్తం ఫైలే పక్కన పెట్టేసే బిల్లర్లున్నారు. అది కూడా తప్పే, జరిగిన పనికి రావలసిన డబ్బు అది.

ఇక అసలు ప్రశ్న, మీరు ఫోన్ చేయొచ్చా.

అమెరికా సోషల్ సెక్యూరిటీ చట్టంలో సెక్షన్ 1862(ఎ)(4) అని ఉంది. అమెరికా బయట అందించిన సేవలకి మెడికేర్ డబ్బు ఇవ్వదు. సరిహద్దు దగ్గర ఎమర్జెన్సీ లాంటి కొద్ది మినహాయింపులున్నాయి, మనకి సంబంధించినవేవీ లేవు. 99457 అనేది బిల్లింగ్ పని కాదు, అది వైద్య సేవ. ఆ 20 నిమిషాలే సేవ. అవి మధురవాడలో కూర్చుని మాట్లాడితే సేవ అమెరికా బయట జరిగినట్టే. జనరల్ సూపర్‌విజన్ అంటే డాక్టర్ అదే గదిలో ఉండక్కర్లేదని, స్టాఫ్ వేరే దేశంలో ఉండొచ్చని కాదు. రెండో అడ్డంకి కూడా ఉంది. క్లినికల్ స్టాఫ్ అంటే అక్కడి చట్టం, అక్కడి రాష్ట్రం ఆ పని చేయనిచ్చినవాళ్లు. ఇక్కడి నర్సింగ్ రిజిస్ట్రేషన్ అక్కడి రాష్ట్రంలో లైసెన్స్ కాదు.

మీ చదువుని తక్కువ చేసి చెబుతున్నానని అనుకోవద్దు. గుండె బలహీనంగా ఉన్న పేషెంట్‌కి ఒక్క రాత్రిలో మూడు పౌండ్ల బరువు పెరిగితే అది తిండి వల్ల వచ్చింది కాదు, ఒంట్లో నీరు చేరుతోందని వార్డులో రెండేళ్లు చేసిన మీకు చప్పున తట్టినట్టు నాకు తట్టదు. ఆ చూపు ఈ పనిలో చాలా విలువైనది. అది వాడండి. రీడింగులు రాని పేషెంట్ల జాబితా తీయండి, అనుమానంగా ఉన్నవి "ఇది ముందు చూడండి" అని అక్కడి నర్సుకి గుర్తుపెట్టండి, రోజులు లెక్కపెట్టండి, మెషీన్ పనిచేయకపోతే మార్పించండి, క్లెయిమ్ పంపే ముందు కాగితాలన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఇవన్నీ ఇక్కడి నుంచి చేయదగిన ఆఫీసు పనులు. అయితే వీటికి పట్టిన నిమిషాలు నిమిషాల లాగ్‌లోకి ఎక్కకూడదు. అక్కడి నర్సు ఆ రీడింగ్ చూసి మాట్లాడిన నిమిషాలే ఎక్కాలి. మీ లాగిన్ వేరు, ఆమె లాగిన్ వేరుగా ఉండాలి. మీకు ఆమె లాగిన్ ఇస్తామంటే తీసుకోవద్దు, ఎంత మామూలుగా చెప్పినా సరే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి దగ్గరగా చూశాను. 2021లో నేను పనిచేసిన చోట ఒక క్లయింట్ నిమిషాల లాగ్ ప్రతి నెలా ఎక్సెల్‌లో వచ్చేది. ఒక నెల కాలమ్ కిందికి జరుపుతుంటే 20, 20, 21, 20, 20, 21. ఒక్కటి కూడా 14 లేదు, 33 లేదు. మనుషులతో మాట్లాడితే అలా రాదు. ఒకాయన మూడు నిమిషాల్లో పెట్టేస్తాడు, ఒకావిడ మనవరాలి పెళ్లి సంగతి కూడా చెప్పి గానీ వదలదు. నేను లీడ్‌కి చెప్పాను, క్లయింట్ పంపినది మనం వేస్తున్నాం అంతే అన్నారు. కొన్ని నెలలకి ఇన్సూరెన్స్ వాళ్లు రికార్డులు అడిగారు. అడిగింది ఎక్సెల్ కాదు, ఫోన్ కాల్ రికార్డు. రెండిటినీ పక్కపక్కన పెడితే చాలా చోట్ల 20 నిమిషాల పక్కన ఒక్క కాల్ కూడా లేదు. డబ్బు వెనక్కి కట్టారు, క్లయింట్ పోయింది, ఆ ప్రాసెస్‌లో ఉన్న మేమంతా రెండు నెలలు బెంచ్ మీద కూర్చున్నాం. నా మీద ఎవరూ కేసు పెట్టలేదు. కానీ ఆ ఎక్సెల్ మీద "వెరిఫైడ్" అన్న కాలమ్‌లో ఉన్న ఇనీషియల్స్ నావే. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అక్కడి ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం కింద కట్టాల్సింది తీసుకున్న డబ్బుకి మూడింతల వరకు, దానిపైన ఒక్కో క్లెయిమ్‌కి పది వేల డాలర్లు దాటిన పెనాల్టీ. "తెలిసి" అన్న మాటకి ఆ చట్టంలో అర్థం పెద్దది. కళ్లు మూసుకుని తెలుసుకోకపోవడం, పట్టించుకోకుండా వదిలేయడం కూడా తెలిసి చేసినట్టే. ఎక్కువ డబ్బు వచ్చిందని గుర్తించాక 60 రోజుల్లో తిరిగి ఇచ్చేయాలన్న నిబంధన కూడా ఉంది. పాత క్లెయిముల్లో తప్పు దొరికితే దాచకుండా క్లయింట్‌కి రాతలో చెప్పడమే మనం చేయగలిగిన మేలు.

పైవాళ్ల చూపు ఇప్పుడు ఈ కోడ్ల మీదే ఉంది. వాళ్ల ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫీసు, అదే మనం ఓఐజీ అనేది, 2024 సెప్టెంబరులో ఒక రిపోర్టు ఇచ్చింది. ఆర్‌పీఎం పొందిన మెడికేర్ పేషెంట్లలో దాదాపు 43 శాతం మందికి అమర్చి నేర్పడం, మెషీన్, నెలవారీ చికిత్స అనే మూడూ అందలేదని తేల్చింది. చాలా చోట్ల మెషీన్ ఇచ్చి వదిలేశారన్నమాట. 2019లో 1.5 కోట్ల డాలర్లు ఉన్న చెల్లింపులు 2022కి 30 కోట్ల డాలర్లు దాటాయి, 2024లో 50 కోట్లు దాటాయి. 2025 ఆగస్టులో ఇంకో రిపోర్టు వచ్చింది, ఎలాంటి ప్రాక్టీసుల్ని ముందు చూడాలో అందులో చెప్పారు. పేషెంట్‌తో అంతకుముందు ఏ సంబంధమూ లేకుండా బిల్లు వేసినవాళ్లు, మెషీన్‌కి బిల్లు వేసి చికిత్స కోడ్ ఎప్పుడూ వేయనివాళ్లు, ఒకే పేషెంట్‌కి నెలలో ఒకటి కంటే ఎక్కువ మెషీన్లకి వేసినవాళ్లు. మీ ఆఫీసులో జరుగుతున్న రెండు మెషీన్ల చర్చ సరిగ్గా ఈ జాబితాలో ఉంది. ఆ పేజీ ప్రింట్ తీసి మీ లీడ్ టేబుల్ మీద పెట్టండి.

పేషెంట్‌తో ముందు సంబంధం ఉండాలన్నది కూడా నిబంధనే. కరోనా ఎమర్జెన్సీ ముగిశాక కొత్త పేషెంట్‌కి నేరుగా మెషీన్ పంపకూడదు, డాక్టర్ ఒకసారి చూసి, ఆయన ఆర్డర్ రాసి, ఎందుకో చార్టులో ఉండాలి. పేషెంట్ ఒప్పుకోలు కూడా కావాలి. నోటిమాట చాలు, కానీ రికార్డులో తేదీతో రాయాలి. ఆ ఒప్పుకోలులో డబ్బు సంగతి తప్పకుండా చెప్పించండి. మెడికేర్ పార్ట్ బీలో (డాక్టర్ సేవలకి డబ్బిచ్చే భాగం) డిడక్టిబుల్, అంటే పేషెంట్ ముందుగా తనే కట్టాల్సిన మొత్తం, పోయాక 20 శాతం పేషెంటే కట్టాలి, వేరే సప్లిమెంట్ ఇన్సూరెన్స్ ఉంటే తప్ప. ఏఆర్‌లో ఉన్నప్పుడు ఒక పెద్దావిడ ఫోన్ చేసి, మీరే మెషీన్ పంపారు, మీరే ఫోన్ చేశారు, బిల్లు మాత్రం నాకెందుకు అని ఏడ్చింది. ఎవరూ ముందు చెప్పలేదు ఆవిడకి. ఆ 20 శాతం ప్రతివాళ్లకీ మాఫీ చేసేద్దామని కొందరు క్లయింట్లు అంటారు. అలవాటుగా అందరికీ మాఫీ చేస్తే అది పేషెంట్లని ఆకర్షించడానికి ఇచ్చే ముడుపు కిందికి వస్తుంది. నిజంగా కట్టలేనివాళ్లని ఒక్కొక్కరిగా చూసి, రాసి పెట్టుకోవాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ఆర్‌పీఎం, ఆర్‌టీఎం (రిమోట్ థెరప్యూటిక్ మానిటరింగ్) రెండూ ఒకే పేషెంట్‌కి ఒకే కాలంలో వేయకూడదు. సీసీఎంతో (దీర్ఘకాలిక జబ్బులవాళ్ల నెలవారీ సంరక్షణ) కలిపి వేయొచ్చు, కానీ ఒక నిమిషాన్ని రెండు చోట్లా లెక్కపెట్టకూడదు. ఆర్‌పీఎం మెడికేర్ టెలీహెల్త్ జాబితాలో లేదు, కాబట్టి టెలీహెల్త్ అని తెలిపే మాడిఫైయర్ 95 తగిలించక్కర్లేదు, టెలీహెల్త్ గడువులు మారినప్పుడల్లా దీనికి టెన్షన్ పడక్కర్లేదు.

నేను చెప్పినవన్నీ మామూలు మెడికేర్‌కి. మెడికేర్ అడ్వాంటేజ్ (ప్రైవేటు కంపెనీలు నడిపే మెడికేర్ ప్లాన్లు), ప్రైవేటు ఇన్సూరెన్సులు ఎవరి పాలసీ వాళ్లది. కొందరు ముందస్తు అనుమతి అడుగుతారు, కొందరు ఫలానా జబ్బులకే ఇస్తారు. డినయల్ కారణంగా సీఓ-50 (వైద్యపరంగా అవసరం లేదని) వస్తే వాళ్ల పాలసీలో ఆ డయాగ్నోసిస్ ఉందో లేదో చూడండి, సీఓ-151 (ఇన్నిసార్లు వేయడానికి ఆధారం లేదని) వస్తే అదే 30 రోజుల్లో ఇంకోటి వెళ్లిందేమో, ఇంకెవరైనా వేశారేమో చూడండి. అడ్వాంటేజ్ ప్లాన్లు పేషెంట్ సమాచారం అమెరికా బయట ఎవరి చేతికి వెళుతోందో సీఎంఎస్‌కి రాసి ఇవ్వాలి. కొన్ని రాష్ట్రాల మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ బీమా) కాంట్రాక్టుల్లో అయితే డేటా దేశం దాటకూడదనే ఉంటుంది. మీ క్లయింట్‌తో మీ కంపెనీ కాంట్రాక్ట్‌లో ఈ విషయం ఎలా ఉందో ఒకసారి అడగండి. ఫోన్ల సంగతికి ముందు మీరు ఆ స్క్రీన్ చూడొచ్చా లేదా అన్నది కూడా అక్కడే ఉంటుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఈ రాత్రి షిఫ్ట్‌లో ఆ 13 రోజుల క్లెయిమ్ ఇంకా వెళ్లకపోతే హోల్డ్‌లో పెట్టండి. లాగ్ తెరిచి తేదీలు మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి, ఆ 30 రోజులు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో రాసుకోండి. 2026వైతే 99445కి మార్చమని, 99457కి నిమిషాలు నిండాయేమో చూడమని నోట్ పెట్టండి. ఫోన్ల విషయం మీ లీడ్‌తో నోటితో వాదించకండి, మెయిల్ చేయండి. మర్యాదగా, ఆరోపణ లేకుండా: "మెడికేర్ పేషెంట్లకి 99457 నిమిషాలు అమెరికా బయటి స్టాఫ్ చేస్తే చెల్లుతాయా అన్నది క్లయింట్ కంప్లయన్స్ ఆఫీసర్ నుంచి రాతలో తెప్పించగలరా? సెక్షన్ 1862(ఎ)(4) చూశాక ఈ సందేహం వచ్చింది. జవాబు వచ్చాక మొదలుపెడతాను." మీరు చేయనన్నట్టు కాదు, అడిగినట్టు ఉంటుంది. నేను రెండుసార్లు ఇలాంటి మెయిల్ పెట్టాను, రెండుసార్లూ క్లయింట్ వైపు నుంచే ప్లాన్ ఆగిపోయింది. ఒకచోట వాళ్లు అక్కడే ఇద్దరు నర్సుల్ని పెట్టుకుని, రోజువారీ జాబితాలు తీసే పని మా టీమ్‌కి ఇచ్చారు. ఆ టీమ్‌లో మీలాగే నర్సింగ్ చదివిన అమ్మాయిలు ముగ్గురు ఇప్పటికీ పనిచేస్తున్నారు.

మెయిల్‌కి ఏం జవాబు వచ్చిందో ఇక్కడే రాయండి. పేషెంట్ పేరు, పుట్టిన తేదీ, మెంబర్ నంబరు మాత్రం ఎక్కడా పెట్టకండి, స్క్రీన్‌షాట్‌లో కూడా.